దెయ్యం కంటే ముందు వచ్చేది: హారర్ సినిమా టైటిల్స్ కథ

ఈ ఎపిసోడ్‌లో దెయ్యం జోలికి పోవట్లేదు. దెయ్యం రావడానికి ముందు, తెర మీద పేర్లు పడుతూ ఉంటాయి చూడండి, ఆ రెండు నిమిషాల గురించి మాట్లాడుకుందాం. థియేటర్లో అయితే ఆ టైమ్‌లో మనం సీటు వెతుక్కుంటూ ఉంటాం. ఫోన్‌లో అయితే స్క్రీన్ మీద రెండుసార్లు తట్టి, పది సెకన్లు, ఇంకో పది సెకన్లు అని ముందుకి తోసేస్తాం.

ముందుగా మూడు దృశ్యాలు చెప్తాను, ఊహించుకోండి. ఒకటి, తెర మీద అడ్డంగా, నిలువుగా పరిగెత్తే గీతలు. రెండు, కళ్లూ ముక్కూ చెక్కి లోపల దీపం పెట్టిన గుమ్మడికాయ. మూడు, కొండల మధ్య రోడ్డు మీద పోతున్న చిన్న పసుపు కారు. వీటిలో భయపడాల్సింది ఏముంది చెప్పండి? గుమ్మడికాయతో మనం దిష్టి తీస్తాం గానీ, దాన్ని చూసి జడుసుకోం కదా. అయినా హారర్ సినిమాల టైటిల్స్ గురించి ఎవరు మాట్లాడినా ఈ మూడూ రాకుండా ఉండవు: సైకో, 1960. హాలోవీన్, 1978. ది షైనింగ్, 1980.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఈ మూడు చోట్లా భయం బొమ్మలో లేదు. చెవిలో పడే శబ్దంలో, దాని లయలో ఉంది. మనల్ని కదలకుండా కూర్చోబెట్టి ఎదురుచూసేలా చెయ్యడంలో ఉంది. ఊరికే నా అభిప్రాయం చెప్పి వదిలెయ్యను. దీనికి గట్టి సాక్ష్యం ఒకటి ఉంది, షైనింగ్ దగ్గరికి వచ్చాక చూపిస్తాను.

1931 నుంచి మొదలుపెడదాం. ఆ ఏడాది ఫిబ్రవరిలో యూనివర్సల్ స్టూడియో డ్రాక్యులా విడుదల చేసింది. టైటిల్ కార్డు మీద గబ్బిలం బొమ్మ, వెనక చైకోవ్‌స్కీ స్వాన్ లేక్ సంగీతం. హంసల బ్యాలే కోసం రాసిన ట్యూన్ తెచ్చి గబ్బిలానికి అతికించారన్నమాట! మాటల సినిమా కొత్తగా వచ్చిన రోజులవి. నేపథ్య సంగీతం ఎంత వాడాలో ఇంకా ఎవరికీ తేలలేదు. ఆ సినిమాలో టైటిల్స్ దాటాక సంగీతం దాదాపు వినిపించదు. మరుసటి ఏడాది ది మమ్మీ టైటిల్స్‌కి కూడా ఇదే ట్యూన్ వాడారు. పొదుపు అనుకోవాలో, సెంటిమెంట్ అనుకోవాలో మీ ఇష్టం.

అదే 1931 నవంబర్‌లో ఫ్రాంకెన్‌స్టైన్ వచ్చింది. దర్శకుడు జేమ్స్ వేల్. టైటిల్స్ కన్నా ముందే స్టేజీ మీద ఒక కర్టెన్ కనిపిస్తుంది. దాని వెనక నుంచి ఎడ్వర్డ్ వాన్ స్లోన్ అనే నటుడు బయటికి వస్తాడు, మన నాటకాల్లో సూత్రధారుడిలా. ఈ కథ మిమ్మల్ని భయపెట్టొచ్చు, గుండె ధైర్యం లేనివాళ్లు ఇప్పుడే ఆలోచించుకోండి అని మర్యాదగా హెచ్చరించి వెళ్లిపోతాడు. తర్వాత నటుల పేర్లు పడతాయి. అందరి పాత్రలకీ ఎదురుగా పేర్లు ఉంటాయి. రాక్షసుడి పాత్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం పేరు ఉండదు. ఒక ప్రశ్నార్థకం ఉంటుంది, అంతే. ఆ వేషం వేసింది బోరిస్ కార్లాఫ్ అని సినిమా అయిపోయాక, చివర్లో వేసే పేర్లలో చెప్తారు.

ఆ ప్రశ్నార్థకం దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మన థియేటర్లలో హీరో పేరు పడే క్షణం అంటే పండగ. బిరుదుతో సహా పేరు పడుతుంటే విజిల్స్, గాల్లోకి చించిన కాగితాలు, అభిమానం మరీ ఎక్కువైతే తెర దగ్గర హారతి. ఆ కార్డు చేసే పని ఏంటంటే, మీవాడు వచ్చేశాడు, ఇక ఏం జరిగినా ఆయన చూసుకుంటాడు అని ధైర్యం చెప్పడం. హారర్‌కి సరిగ్గా దీనికి ఉల్టా కావాలి. ఎవరు కాపాడతారో, ఎవరు చంపుతారో, అసలు ఎవరు ఎవరో తెలియకూడదు. పేర్లు చూపించడానికే పుట్టిన టైటిల్స్‌లో ఒక పేరు దాచడం అనే ఐడియా అక్కడే ఉంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇప్పుడు 1950ల అమెరికా థియేటర్లోకి వెళ్దాం. అప్పట్లో అక్కడ షోలు ఒకదాని వెనక ఒకటి ఆగకుండా నడిచేవి. జనం ఎప్పుడు పడితే అప్పుడు టికెట్ కొనుక్కుని, సినిమా మధ్యలో లోపలికి వెళ్లి కూర్చునేవాళ్లు. తాము వచ్చిన సీన్ మళ్లీ వచ్చేదాకా చూసి లేచి వెళ్లిపోయేవాళ్లు. ఇక టైటిల్స్ సంగతి ఏముంటుంది? చాలాచోట్ల కర్టెన్ పూర్తిగా తెరవకముందే, దాని మీదే పేర్లు పడిపోయేవి. ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

1955లో దర్శకుడు ఒట్టో ప్రెమింజర్ దీని మీద ఒక చిన్న పట్టు పట్టాడు. ది మ్యాన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్ అనే సినిమా రీలు డబ్బాల మీద ప్రొజెక్షన్ ఆపరేటర్లకి ఒక నోట్ అంటించాడు, టైటిల్స్ మొదలవకముందే కర్టెన్ తియ్యాలని. ఎందుకంటే ఆ టైటిల్స్ చేసింది సాల్ బాస్ అనే గ్రాఫిక్ డిజైనర్. పోస్టర్లు గీసే మనిషిని తెచ్చి మొదటి రెండు నిమిషాలు చేతిలో పెట్టారు. ఆ సినిమా హారర్ కాదు, కానీ దారి తెరిచింది అదే.

ఐదేళ్ల తర్వాత ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఇంకో అడుగు ముందుకేశాడు. 1960లో సైకో విడుదలైనప్పుడు షో మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపకూడదని షరతు పెట్టాడు. థియేటర్ల లాబీల్లో ఆయన చేతి గడియారం చూపిస్తున్న కటౌట్లు పెట్టారు. బయట క్యూలు, లోపల తలుపులు మూసేసి సినిమా. కథలో పెద్ద మలుపు ముందే తెలియకూడదనే ఈ షరతు పెట్టాడు గానీ, దానివల్ల జరిగిన ఇంకో సంగతి నాకు ముఖ్యం. జనం మొత్తం మొదటి ఫ్రేమ్ నుంచి కదలకుండా కూర్చోవాల్సి వచ్చింది.

ఆ కూర్చున్నవాళ్లకి ముందుగా కనిపించినవి సాల్ బాస్ గీతలు. నల్లటి తెర మీద బూడిదరంగు పట్టీలు దూసుకొస్తాయి, ఆగుతాయి, మళ్లీ దూసుకుపోతాయి. వాటి మధ్య నుంచి పేర్లు ముక్కలు ముక్కలుగా వచ్చి అతుక్కుంటాయి. చదివేలోపే విడిపోతాయి. సైకో అన్న అక్షరాలు అడ్డంగా తెగి, ఆ ముక్కలు ఒకదానికొకటి అటూ ఇటూ జరుగుతాయి. ఇప్పుడైతే మీలో ఎవరైనా ఫోన్ యాప్‌లో పది నిమిషాల్లో చేసేస్తారు. అప్పుడు నల్లరంగు కొట్టిన అల్యూమినియం కడ్డీలను ముందే లెక్కేసుకున్న దూరం ప్రకారం చేత్తో తోస్తూ షూట్ చేశారు. తెర మీద రక్తం లేదు, కత్తి లేదు, మనిషి ముఖం కూడా లేదు.

మరి ఒళ్లు ఎందుకు బిగుసుకుంటుంది? బెర్నార్డ్ హెర్మన్ సంగీతం వల్ల. మొత్తం ఆర్కెస్ట్రాని పక్కన పెట్టి ఆయన కేవలం తీగ వాయిద్యాలు వాడాడు. వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, బేస్‌లు, అంతే. నలుపు తెలుపు సినిమాకి నలుపు తెలుపు శబ్దం ఉండాలన్నది ఆయన ఆలోచన. వయొలిన్ అంటే సినిమాల్లో ప్రేమకీ కన్నీళ్లకీ వాడే వాయిద్యం. ఇక్కడ దాన్ని గీరుతున్నట్టు, పొడుస్తున్నట్టు వాయించారు. ఎవరో వెంటపడుతుంటే పరిగెత్తే మనిషి ఊపిరిలా ఉంటుంది ఆ లయ.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. షవర్ సీన్‌లో వచ్చే ఆ కీచు శబ్దమే టైటిల్స్‌లోనూ ఉందనుకుంటారు. లేదు, దాన్ని హెర్మన్ దాచిపెట్టాడు. టైటిల్స్ సంగీతం మళ్లీ ఎక్కడ వస్తుందో తెలుసా? కథానాయిక మారియన్ 40,000 డాలర్లు దొంగిలించి కారు నడుపుకుంటూ వెళ్లేటప్పుడు. ఆ సీన్లలో తెర మీద ఏమీ జరగదు. ఒక అమ్మాయి, స్టీరింగ్, రోడ్డు, తర్వాత వాన. కానీ మన శరీరానికి ఆ లయ ముందే అలవాటైపోయింది కాబట్టి వినగానే మళ్లీ బిగుసుకుంటుంది. టైటిల్స్ చూడకుండా మధ్యలో వచ్చి కూర్చున్నవాడికి అది మామూలు కారు ప్రయాణమే. నా దృష్టిలో టైటిల్స్ చేసే అసలు పని ఇదే. భయాన్ని అప్పుడే వాడేసుకోరు, మన దగ్గర డిపాజిట్ చేసి పెట్టి తర్వాత తీసుకుంటారు.

పేర్ల వరస కూడా ఒకసారి చూడండి. ఆ సినిమాలో పెద్ద స్టార్ జానెట్ లీ. ఆమె పేరు నటుల్లో అందరికంటే చివర, పాత్ర పేరుతో కలిపి వస్తుంది. సినిమా సగం కూడా కాకముందే ఆమె చనిపోతుంది. అరవై ఏళ్లు దాటిపోయింది కాబట్టి స్పాయిలర్ అని తిట్టకండి.

సరే, 1978. జాన్ కార్పెంటర్ 3 లక్షల డాలర్ల పైచిలుకు బడ్జెట్‌తో హాలోవీన్ తీశాడు. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర. ఖర్చుతో కూడిన టైటిల్స్ చేయించే పరిస్థితి లేదు. నల్లటి తెర, ఎడమవైపు గుమ్మడికాయ, కుడివైపు నారింజరంగు అక్షరాల్లో పేర్లు. కెమెరా చాలా నెమ్మదిగా గుమ్మడికాయ వైపు జరుగుతూ ఉంటుంది. లోపలి దీపం రెపరెపలాడుతూ ఉంటుంది. రెండు నిమిషాల పాటు జరిగేది అంతే. కెమెరా దగ్గరికి, ఇంకా దగ్గరికి వెళ్తుంది, చివరికి తెర మీద ఆ కన్ను చుట్టుపక్కల భాగమే మిగులుతుంది.

సంగీతం కూడా కార్పెంటరే చేశాడు. డబ్బుల్లేక. పియానో మీద ఐదు లెక్కల లయ. చిన్నప్పుడు వాళ్ల నాన్న బాంగో డ్రమ్ముల మీద నేర్పించిన లయ అది అని ఆయనే చెప్పాడు. డాన్ వైమన్ సింథసైజర్ పని చూసుకున్నాడు. సినిమా చివర్లో సంగీతం వాయించింది బౌలింగ్ గ్రీన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా అని గొప్పగా పేరు వేశారు. అలాంటి ఆర్కెస్ట్రా ఏదీ లేదు. కార్పెంటర్ పెరిగిన ఊరి పేరు బౌలింగ్ గ్రీన్, అంతే సంగతి.

ఇంటర్నెట్‌లో ఈ ట్యూన్ గురించి ఒక మాట బాగా తిరుగుతూ ఉంటుంది: ఐదు లెక్కలు మన చెవికి అలవాటు లేదు కాబట్టి భయం వేస్తుందని. అమెరికా చెవికి అది నిజం కావచ్చు, వాళ్ల పాటలు ఎక్కువగా నాలుగులో ఉంటాయి. కానీ మన కర్ణాటక సంగీతంలో ఖండ చాపు ఐదు లెక్కల తాళమే. తక తకిట అంటూ దాన్ని హాయిగా వేసుకుంటాం, ఎవరూ వణికిపోరు. అయినా హాలోవీన్ ట్యూన్ మనల్నీ భయపెడుతుంది. కాబట్టి ఐదు అనే అంకె ఒక్కటే కారణం కాదు. వేళ్లు బిగించి లెక్కపెట్టండి: మూడు, మూడు, రెండు, రెండు. చివర్లో ఆ రెండు, రెండు దగ్గర అడుగు తొట్రుపడినట్టు ఉంటుంది. ఆ తొట్రుపాటు మళ్లీ మళ్లీ అలాగే వస్తుంది. అలిసిపోదు, ఆగదు, తేలిక పడనివ్వదు. కింద బరువైన స్వరాలు మారతాయి గానీ పైన పియానో మాత్రం పట్టు వదలదు. సినిమాలో మైకేల్ మయర్స్ నడక కూడా అంతే కదా. పరిగెత్తడు, కానీ ఆగడు.

గుమ్మడికాయ కంటి వైపు కెమెరా వెళ్లిందని చెప్పాను కదా. టైటిల్స్ అవ్వగానే వచ్చే సీన్‌లో మనం హంతకుడి కళ్లతోనే చూస్తాం. కెమెరా ఇంటి చుట్టూ తిరిగి, లోపలికి వెళ్లి, ముసుగు తొడుక్కుంటుంది. ఆ ముసుగు కంటి రంధ్రాల్లోంచే హత్య చూస్తాం. ఆ తర్వాత తెలుస్తుంది, ఆ కళ్లు ఆరేళ్ల పిల్లాడివని. టైటిల్స్‌లో కంటి దాకా తీసుకెళ్లి, సినిమాలో ఆ కంటి వెనక కూర్చోబెట్టారు. ఇది కావాలనే చేశారో లేదో గానీ, వరసగా చూస్తే ఒంటి మీద రోమాలు లేస్తాయి.

ఇదే సినిమా గురించి కార్పెంటర్ చెప్పిన ఇంకో సంగతి నా వాదనకి బాగా పనికొస్తుంది. సంగీతం వెయ్యకముందు సినిమాని ఒక స్టూడియో ఎగ్జిక్యూటివ్‌కి చూపించాడట. ఆమెకి అస్సలు భయం వెయ్యలేదట. కొన్ని నెలల తర్వాత అదే మనిషి సంగీతంతో చూసి బాగా మెచ్చుకుందట. మధ్యలో తను చేసింది సంగీతం కలపడం ఒక్కటే అంటాడు ఆయన.

ఇప్పుడు షైనింగ్. నేను దీని దగ్గరే ఎక్కువసేపు ఉంటాను, ఏమనుకోకండి. స్టాన్లీ కుబ్రిక్ సినిమా. మొదటి షాట్‌లో అద్దంలాంటి సరస్సు, మధ్యలో చిన్న ద్వీపం, చుట్టూ కొండలు. కెమెరా నీళ్ల మీదుగా ఎగురుతూ వెళ్తుంది. తర్వాత అడవి మధ్య రోడ్డు, దాని మీద చీమంత పసుపు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. ఇది మోంటానా రాష్ట్రంలోని గ్లేసియర్ నేషనల్ పార్క్. కుబ్రిక్ ఇంగ్లాండ్ వదిలి రాలేదు, గ్రెగ్ మెక్‌గిలివ్రే అనే కెమెరామన్ బృందం హెలికాప్టర్‌లోంచి తీసి పంపింది. మాట్లాడకుండా ఆ షాట్లు ఎవరికైనా చూపిస్తే టూరిజం శాఖ ప్రకటన అనుకుంటారు.

దాని మీద వెండీ కార్లోస్, రేచల్ ఎల్కిండ్ సింథసైజర్‌తో ఒక పాత ట్యూన్ వేశారు. దాని పేరు డీయస్ ఈరే. మధ్యయుగాల్లో క్యాథలిక్ చర్చిలో చనిపోయినవాళ్ల కోసం చేసే ప్రార్థనలో పాడే లాటిన్ కీర్తన. చావుని సూచించడానికి యూరప్ సంగీతకారులు శతాబ్దాలుగా వాడుకుంటున్న స్వరాలవి. మనకి ఆ సంగతి తెలియకపోయినా పని జరిగిపోతుంది, ఎందుకంటే ఆ నాలుగు స్వరాలు మెట్లు దిగినట్టు కిందికి దిగుతాయి, చాలా నెమ్మదిగా, చాలా కింది స్థాయిలో. పైన ఎక్కడో ఏడుపో అరుపో తెలియని గొంతులు వినిపిస్తాయి.

ఇక పేర్లు. లేత నీలిరంగులో, కింది నుంచి పైకి కదులుతూ వస్తాయి. కింది నుంచి పైకి పేర్లు ఎప్పుడు వస్తాయి? సినిమా అయిపోయాక! ఇక్కడ మొదట్లోనే అలా వేశాడు. కుబ్రిక్ ఉద్దేశం ఏమైనా, చూసేవాడికి మాత్రం కథ ఎప్పుడో ముగిసిపోయిందని, ఆ కారులో ఉన్న మనిషికి ఆ విషయం ఇంకా తెలియదని అనిపిస్తుంది.

ఇప్పుడు సాక్ష్యం. 1982లో రిడ్లీ స్కాట్ బ్లేడ్ రన్నర్ తీశాడు. చివర్లో హీరో హీరోయిన్ పచ్చటి కొండల మీదుగా కొత్త జీవితంలోకి వెళ్లిపోయే సుఖాంతం కావాలని నిర్మాతల వైపు నుంచి ఒత్తిడి వచ్చింది. స్కాట్ కుబ్రిక్‌ని అడిగి, షైనింగ్ కోసం తీసి వాడకుండా మిగిలిపోయిన హెలికాప్టర్ షాట్లు తెచ్చుకున్నాడు. థియేటర్లలో విడుదలైన ఆ ముగింపులో కనిపించేవి అవే. అంటే ఒకే షూటింగ్, ఒకే హెలికాప్టర్ పని. ఒక సినిమాలో అది నరకానికి దారి, ఇంకో సినిమాలో అది ప్రేమ జంటకి విముక్తి. మారింది శబ్దం, పక్కన పెట్టిన కథ. కొండలో దెయ్యం లేదు ఫ్రెండ్స్.

ఒక బాధ కూడా చెప్పాలి. వెండీ కార్లోస్, ఎల్కిండ్ ఆ సినిమాకి ఇంకా చాలా సంగీతం చేశారు. కుబ్రిక్ అందులో ఎక్కువ భాగం పక్కన పెట్టేసి వేరే సంగీతకారుల రికార్డులు వాడుకున్నాడు. వాళ్ల పని గట్టిగా మిగిలింది ఈ టైటిల్స్‌లోనే. మనం ముందుకి తోసేసేది కూడా సరిగ్గా ఆ భాగమే.

తర్వాతి కాలం త్వరగా చూసేద్దాం. నిజానికి షైనింగ్ కంటే ఒక ఏడాది ముందే, 1979లో ఏలియన్ టైటిల్స్‌లో రిచర్డ్ గ్రీన్‌బర్గ్ అక్షరాలను విడి గీతలుగా చూపించాడు. ఒక్కో గీతా వచ్చి చేరుతుంటే అది ఏ మాటో అర్థం కావడానికి టైమ్ పడుతుంది, ఆ టైమే భయం. 1995లో సెవెన్ వచ్చింది. కైల్ కూపర్ చేతిరాత అక్షరాలను గీకి, వణికించి పెట్టాడు. ఆ టైటిల్స్‌లో నోట్‌బుక్కులు కుడుతూ కనిపించే చేతులు హంతకుడివి. ఆ పాత్ర వేసిన కెవిన్ స్పేసీ పేరు మాత్రం మొదటి టైటిల్స్‌లో ఎక్కడా ఉండదు. చేతులు చూపించి పేరు దాచారు. 1931 నాటి ప్రశ్నార్థకం గుర్తొచ్చిందా?

మీ అందరికీ తెలిసిన స్ట్రేంజర్ థింగ్స్ టైటిల్స్ కూడా ఈ వంశమే. ఎర్రటి అక్షరాల ముక్కలు చీకట్లో జరుగుతూ వచ్చి అతుక్కుంటాయి. ఆ సిరీస్ తీసిన డఫర్ బ్రదర్స్ గ్రీన్‌బర్గ్ టైటిల్స్‌నే స్ఫూర్తిగా చెప్పుకున్నారు. 2016లో అది వచ్చింది. మరుసటి ఏడాదే, 2017లో, అదే నెట్‌ఫ్లిక్స్ స్కిప్ ఇంట్రో బటన్ పెట్టింది. 2022లో కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం ఆ బటన్‌ని రోజుకి 13 కోట్ల 60 లక్షల సార్లు నొక్కుతున్నారు.

బటన్‌ని తిట్టడానికి చెప్పట్లేదు. వరసగా ఎనిమిది ఎపిసోడ్లు చూసేటప్పుడు ఎనిమిదోసారి నేనూ నొక్కుతాను. కామెడీకి, వంటల షోకి అది మంచిదే. కానీ హారర్‌కి వచ్చేసరికి లెక్క వేరు. హిచ్‌కాక్ తలుపులు మూయించింది ఎందుకో ఆలోచించండి. భయం పుట్టాలంటే కాలం మన చేతుల్లో ఉండకూడదు. ఎప్పుడు ఏం వస్తుందో తెలియక కూర్చోవాలి. వేలు బటన్ మీద పెట్టుకుని, విసుగొస్తే దాటేస్తానులే అనుకునేవాడిని ఏ సంగీతమూ భయపెట్టలేదు. మొదటి రెండు నిమిషాలు దాటేసి, తర్వాత సినిమా స్లోగా ఉంది, భయమే వెయ్యలేదు అని రివ్యూ రాస్తే దర్శకుడు ఏం చేస్తాడు పాపం?

ఫోన్‌లో చూసేవాళ్లకి ఇంకో చిక్కుంది. ఫోన్ స్పీకర్ చిన్నది, బరువైన కింది స్వరాలు దాంట్లోంచి సరిగా రావు. హాలోవీన్ పియానో పై స్థాయిలో ఉంటుంది కాబట్టి ఎలాగో బతికిపోతుంది. సైకో వయొలిన్లు కూడా అంతే. షైనింగ్ మాత్రం సగం పోతుంది. ఆ కిందికి దిగే స్వరాలే పోతే మిగిలేది సరస్సు, కొండలు, పసుపు కారు. మళ్లీ టూరిజం ప్రకటనే.

అందుకే ఈ వారం మీకు ఒక చిన్న పని ఇస్తున్నాను. రాత్రి లైట్లు ఆపేసి, ముందు ఫోన్ స్పీకర్‌లో, తర్వాత మంచి ఇయర్‌ఫోన్స్‌తో షైనింగ్ టైటిల్స్ రెండుసార్లు చూడండి. పది సెకన్లలోనే తేడా తెలిసిపోతుంది. కొన్ని వీడియో వెర్షన్లలో ఆ కొండల మీద ఒక్క క్షణం హెలికాప్టర్ నీడ కూడా పడుతుంది. మీరు చూసిన వెర్షన్‌లో ఉందో లేదో, ఉంటే ఏ సెకను దగ్గరో కామెంట్‌లో రాయండి.